అప్పులేని చదువు

విద్య మనిషిని పరాధీనత నుంచి తప్పిస్తుందని పెద్దలు చెప్పగా విన్నాము. కాని ఈనాడు ఎందరో విద్యార్థులు కళాశాల గడప దాటి లోకంలో అడుగుపెట్టే వేళకు ఒక చేత పట్టా, మరొక చేత బాకీ పత్రం పట్టుకొని నిలుస్తున్నారు. ఉద్యోగం దొరకక ముందే వాయిదా గడువు వచ్చి వాకిట నిలుచుంటున్నది. ఫలితాలు వెలువడిన ప్రతి వేసవిలోను మన ఇళ్లలో జరిగే ఆలోచన ‘ఏమి చదవాలి’ అన్న ప్రశ్నతో ఆరంభమై, రెండు రోజులు గడవక మునుపే ‘ఎంత కట్టాలి’ అన్న ప్రశ్నగా మారి, చివరకు ‘ఎవరి దగ్గర తేవాలి’ అన్న చోట ఆగిపోతున్నది.

మేము ఈ కళాశాలలో చదువుతూ, మాకంటె ముందు చదివినవారి కష్టసుఖాలను దగ్గరగా చూచిన విద్యార్థులము. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది ఒక్క మాట. రుసుము లేని చదువు, లేక నామమాత్రపు రుసుముతో లభించే చదువు, మన దేశంలో, మన రెండు తెలుగు రాష్ట్రాలలో, పలుమార్లు మన ఊళ్లకు సమీపంలోనే ఉన్నది. అది అసలే లేనందువల్ల మనవారు అప్పుల పాలవుతున్నారనడం పూర్తి సత్యం కాదు. దాని సంగతి వేళకు తెలియక కొందరు, దాని వాకిలి వరకు పోవడానికి కావలసిన కొద్దిపాటి సొమ్ము చేత లేక మరికొందరు అప్పుల పాలవుతున్నారు. ఈ రెండు లోపాలూ తీర్చదగినవే. తీర్చవలసిన బాధ్యత కొంత విద్యార్థులది, కొంత కళాశాల కమిటీ వారిది.

చదువు చెప్పి సొమ్ము అడగకపోవడం, చదువుకునేవానికి పిలిచి అన్నం పెట్టడం మన నేలకు కొత్త కాదు. వెనుకటి తరాలలో పల్లె నుంచి పట్నానికి వచ్చిన పేద విద్యార్థి వారాలు చేసుకొని చదివేవాడు. సోమవారం ఒక యింట, మంగళవారం మరొక యింట భోజనం. వారం తిరిగేసరికి ఏడు కుటుంబాలు కలిసి ఒక విద్యార్థిని నిలబెట్టేవి. మదరసాలో చేరిన తాలిబె ఇల్ముకు, అనగా విద్యార్థికి, బస, భోజనం, బోధన మూడింటినీ సమాజమే సమకూర్చేది. 1890లో అలీగఢ్‌లో ఆరంభమైన అంజుమనుల్ ఫర్జ్ పేద విద్యార్థుల కోసం చందాలు పోగుచేయడమే తన ధర్మంగా పెట్టుకొన్నది. 1918లో హైదరాబాదులో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను ఉన్నత విద్యకు బోధనా భాషగా స్వీకరించి, ఇంగ్లీషు తెలియని ఇళ్ల పిల్లలకు కూడ డిగ్రీ తలుపు తెరిచినది. అదే సంవత్సరం నెలకొన్న రెడ్డి హాస్టలు జిల్లాల నుంచి వచ్చిన తెలుగు విద్యార్థులకు నీడనిచ్చినది. 1947లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు ఉస్మానియా కళాశాలను స్థాపించి రాయలసీమ విద్యార్థులకు ఉన్నత విద్యను చేరువ చేసినారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన మఖ్దూం మొహియుద్దీన్ మెదకు జిల్లా ఆందోలు నుంచి వచ్చి ఉస్మానియాలో చదివి, సిటీ కళాశాలలో అధ్యాపకుడై, ఉర్దూ కవితలో చిరస్థానం సంపాదించినాడు.

గతవైభవాన్ని చాటుకొనడానికి ఈ సంగతులు ఎత్తలేదు. నాడు ఒక విద్యార్థి చదువు ఖర్చును ప్రభుత్వమో, దాతలో, ఇరుగుపొరుగువారో ఏదో ఒక రూపంలో పంచుకొనేవారు. నేడు ఆ భారం విద్యార్థి ఇంకా సంపాదించని జీతం మీద పడుతున్నది. ఈ మార్పు ఎంత బరువైనదో లెక్క వేసి చూస్తే కాని తెలియదు.

ఒక ఉదాహరణ తీసికొందాము. నాలుగేళ్ల కోర్సులో చేరిన విద్యార్థి ప్రతి ఏడాది ఆరంభంలో లక్ష రూపాయల చొప్పున బ్యాంకు నుంచి విద్యారుణం తీసుకొన్నాడనుకొందాము. వడ్డీ నూటికి ఏడాదికి 10 రూపాయలు. చదువు ముగిసిన తరువాత మరొక సంవత్సరం వరకు వాయిదాలు కట్టనవసరం లేదు. ఈ విరామాన్ని చూచి మనవారు ‘చదివినంతకాలం బాధ లేదు’ అనుకొంటారు. కాని వాయిదా ఆగినంత మాత్రాన వడ్డీ ఆగదు. మొదటి లక్షపై అయిదేళ్లు, రెండవ లక్షపై నాలుగేళ్లు, మూడవ దానిపై మూడేళ్లు, నాలుగవ దానిపై రెండేళ్లు సాధారణ వడ్డీ లెక్క వేసినా 1,40,000 రూపాయలు అవుతున్నవి. అనగా మొదటి వాయిదా కట్టవలసిన నాటికే నాలుగు లక్షల బాకీ 5,40,000 అయి కూర్చున్నది. దానిని ఏడేళ్లలో తీర్చదలచితే నెలకు సుమారు 9,000 రూపాయలు. అన్నీ కలిపితే చెల్లించినది ఏడున్నర లక్షలు. కొత్తగా ఉద్యోగంలో చేరినవానికి నగరంలో గది అద్దె, భోజనం, రాకపోకలు పోను ఈ తొమ్మిదివేలు ఎక్కడ నుంచి రావాలి? అతడు ఇంటికి పంపవలసిన సొమ్ము, చెల్లెలి చదువుకు దాచవలసిన సొమ్ము అదే.

న్యాయంగా మరొక మాట కూడ చెప్పాలి. భారతీయ బ్యాంకుల సంఘం 2001లో రూపొందించిన నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండ రుణం లభిస్తుంది. కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షలకు లోబడి, నిర్ణీత వృత్తివిద్యా కోర్సులలో చదివేవారికి విరామకాలపు వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించే పథకం 2009 నుంచి ఉన్నది. అప్పు తప్పనిసరి అయినవారు ఈ రాయితీ సంగతి బ్యాంకులో అడిగి తెలిసికొనడం అవసరం. అయితే మన కుటుంబాలలో ఎన్నో బ్యాంకు మెట్లు ఎక్కవు. బంగారం కుదువ పెట్టి, చిట్టీ పాడి, నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి రుసుము కట్టేవారు మన మధ్యనే ఉన్నారు. నెలకు మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పది ఆరు. ఇక వడ్డీ వ్యవహారమే ధర్మవిరుద్ధమని తలచి ముట్టుకొనని కుటుంబాలు కూడ మనలో అనేకం. వారికి అప్పు అనే దారి ఎలాగూ లేదు. రుసుము కట్టలేకపోతే చదువు ఆగిపోతుంది. అందులోను మొదట ఆగేది ఆడపిల్ల చదువు. అటువంటి ఇంటికి ఉచిత విద్య సదుపాయాలలో ఒకటి కాదు, ఉన్న ఒకే ఒక దారి.

‘రుసుము ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది కదా’ అని పలువురు ధైర్యంగా ఉంటారు. బోధన రుసుముల చెల్లింపు పథకం వేలాది పేద కుటుంబాల పిల్లలను వృత్తివిద్యా కళాశాలలకు చేర్చినమాట నిజం. 2007 నాటి చట్టంతో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు ఏర్పడిన 4 శాతం రిజర్వేషను, అనగా బి.సి.-ఇ వర్గం, ఆ దారిని మరింత వెడల్పు చేసినది. కాని ఆ పథకానికి కొన్ని అంచులున్నవి. వాటిని తెలియక అడుగు వేసినవారే ఎక్కువగా జారిపడుతున్నారు.

మొదటిది, యాజమాన్య కోటాలో చేరినవారికి ఈ పథకం వర్తించదు. చివరి నిమిషంలో జరిగే స్పాట్ ప్రవేశాలలో చేరినవారికి కూడ వర్తించదు. సీటు ఇప్పిస్తామని వచ్చే మధ్యవర్తి ఈ సంగతి తనంతట తాను చెప్పడు. రెండవది, తెలంగాణలో ఇంజినీరింగు చదివే వెనుకబడిన తరగతులవారికి 10,000 లోపు ర్యాంకు వస్తే పూర్తి రుసుము, ఆపైన 35,000 రూపాయల పరిమితి అనే నిబంధన చాలకాలంగా అమలులో ఉన్నది. కళాశాల రుసుము లక్ష రూపాయలైతే తక్కిన 65,000 ఏటేటా కుటుంబం మీదనే పడుతుంది. మూడవది, తెలంగాణలో వెనుకబడిన తరగతులకు, మైనారిటీలకు కుటుంబ ఆదాయ పరిమితి పల్లెలలో లక్షన్నర, పట్టణాలలో రెండు లక్షలు. హాజరు నూటికి 75 ఉండి తీరాలి. నాలుగవది, అన్నిటికంటె బాధాకరమైనది, సొమ్ము ఆలస్యంగా రావడం. 2024, 2025 సంవత్సరాలలో తెలంగాణ ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు బకాయిల కోసం కళాశాలల బందుకు పిలుపునిచ్చిన విషయం అందరికీ తెలిసినదే. ప్రభుత్వానికి, యాజమాన్యానికి నడుమ లెక్క తేలక ముందే విద్యార్థి చదువు ముగుస్తుంది. అప్పుడు ‘బకాయి మీరే కట్టి సర్టిఫికెట్లు తీసికొనిపొండి’ అనే మాట వినవలసి వస్తుంది. అసలు సర్టిఫికెట్లను కళాశాలలు తమ వద్ద నిలిపి ఉంచరాదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2018 అక్టోబరులో ప్రకటించినది. ఈ సంగతి ప్రతి విద్యార్థి గుర్తుంచుకొనదగినది.

కావున మరొకరు తరువాత చెల్లిస్తారన్న రుసుము కన్న, మొదటినుంచీ లేని రుసుమే మేలు. అటువంటి చోట్లు ఏవి? మాకు తెలిసినంతలో, చదువు మెట్ల వరుసలో చెబుతాము.

పదవ తరగతి ముగిసిన వెంటనే రెండు దారులున్నవి. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం పదవ తరగతి మార్కుల మీదనే విద్యార్థులను తీసుకొని, అక్కడనే వసతి కల్పించి, ఆరేళ్లలో ఇంజినీరింగు పట్టా చేతికిస్తున్నది. తెలంగాణలో బాసర, ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం కేంద్రాలున్నవి. సర్కారు బడిలో చదివినవారికి ఎంపికలో అదనపు లెక్క ఉన్నది. రెండవది ప్రభుత్వ పాలిటెక్నిక్. మూడేళ్ల డిప్లొమాతో పని దొరుకుతుంది. ఆపైన ఇసెట్ రాసి ఇంజినీరింగు రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చును. ఒక సంవత్సరపు రుసుము మిగులుతుంది, చేతిలో ముందే ఒక విద్య ఉంటుంది. మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ సంగతి చెప్పవలసినవారము మనమే.

ఇంటర్మీడియట్ తరువాత మొదట తలచవలసినవి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు. తెలంగాణలో 2016 నుంచి దోస్త్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లోను ఆన్‌లైను పద్ధతిలోనే, ఈ ప్రవేశాలు జరుగుతున్నవి. హైదరాబాదులోనే కేంద్ర విశ్వవిద్యాలయాలు మూడున్నవి: 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఇంగ్లీషు విదేశీ భాషల విశ్వవిద్యాలయం, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం. ఉర్దూ మాధ్యమంలో చదివిన విద్యార్థికి డిగ్రీ మొదలు పరిశోధన వరకు ఒకే ఆవరణలో మెట్లు పరిచిన చోటు మూడవది. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం కేంద్ర విశ్వవిద్యాలయం ఉన్నది. వీటి రుసుములు ప్రైవేటు విద్యాసంస్థల రుసుములతో పోల్చదగినవి కావు, అంత తక్కువ.

గణితంలో ఆసక్తి, పట్టుదల గలవారికి భారత గణాంక సంస్థ ఉన్నది. 1931లో మహలనోబిస్ కలకత్తాలో స్థాపించిన ఈ సంస్థ బి.స్టాట్., బి.మ్యాథ్. కోర్సులకు బోధన రుసుము తీసుకొనకపోగా, చక్కగా చదివేవారికి నెలకు 5,000 రూపాయల భృతి ఇస్తూ వచ్చినది. తెలుగు కుటుంబంలో పుట్టి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు 1941లో ఆ సంస్థలో చేరి, అక్కడనే దశాబ్దాలపాటు పనిచేసి ప్రపంచఖ్యాతి గడించినారు. ఐ.ఐ.టి.లలో ఏడాది బోధన రుసుము 2 లక్షలు అని విని వెనుకంజ వేసేవారు ఒక నియమం తెలిసికొనాలి: షెడ్యూల్డు కులాలు, తెగల విద్యార్థులకు, వికలాంగులకు, కుటుంబాదాయం ఏడాదికి లక్ష లోపు ఉన్నవారికి బోధన రుసుము పూర్తిగా మాఫీ, లక్ష నుంచి అయిదు లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి మూడింట రెండు వంతులు మాఫీ. జాతీయ రక్షణ అకాడమీలో శిక్షణ ఖర్చును ప్రభుత్వమే భరిస్తుంది. 2022 నుంచి బాలికలకు కూడ ప్రవేశం ఉన్నది. ఇల్లు విడిచి పోలేనివారికి, పగలు పనిచేసుకొనేవారికి, 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా హైదరాబాదులో ఏర్పడి నేడు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరుతో నడుస్తున్న విశ్వవిద్యాలయం, 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నవి.

ఇక ఉపకారవేతనాలు, మన ఉర్దూలో వజీఫాలు. ఇంటర్మీడియట్‌లో తన బోర్డు విద్యార్థులలో 80వ పర్సంటైలుకు పైన నిలిచి, కుటుంబాదాయం 4.5 లక్షలకు లోబడిన విద్యార్థి కేంద్ర ప్రభుత్వపు ఉపకారవేతనానికి దరఖాస్తు చేయవచ్చును. ఎంపికైతే డిగ్రీలో ఏడాదికి 12,000, పై చదువులో 20,000 రూపాయలు. పరిశోధనకు వెళ్లి జూనియర్ రిసెర్చి ఫెలోషిప్ సాధించినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. అయితే పథకాలు శాశ్వతం కావు. మైనారిటీ పరిశోధకులకు ఆసరాగా ఉండిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేసినట్లు కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో పార్లమెంటులో ప్రకటించినది. కావున అన్న చదివిన నాటి సంగతి తమ్మునికి చాలదు; ప్రతి సంవత్సరపు ప్రకటనను ఆ సంవత్సరమే చూడాలి.

విదేశాలలో చదువు ఉచితమనే మాట కూడ నేడు వినిపిస్తున్నది. అందులో సత్యం లేకపోలేదు. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు బోధన రుసుము తీసుకొనవు. కాని బాడెన్-వ్యుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి మన వంటి దేశాల విద్యార్థుల వద్ద ఆరు నెలలకు 1,500 యూరోలు వసూలు చేస్తున్నది. నార్వే 2023లో తన ఉచిత విద్యను యూరపు వెలుపలివారికి నిలిపివేసినది. రుసుము లేనిచోట కూడ జర్మనీ వీసా కోసం ఏడాది జీవన వ్యయాన్ని ముందుగానే బ్యాంకులో చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు, అనగా పది లక్షల రూపాయలకు పైమాటే. ఆ సొమ్మును వడ్డీకి తెచ్చినవానికి ఉచిత విద్య ఎక్కడిది? తెలంగాణ ప్రభుత్వం 2015లో మైనారిటీ విద్యార్థుల కోసం ఆరంభించిన విదేశీ విద్యా పథకం కింద 20 లక్షల రూపాయల వరకు సహాయం లభించే అవకాశమున్నది. దాని ఫలితం తేలిన తరువాతనే ప్రయాణం నిశ్చయించుకొనడం వివేకం.

ఇన్ని దారులుండగా మనవారు ఖర్చు దారినే ఎందుకు పడుతున్నారు? ఇందుకు మాకు తోచిన కారణం గడువుల తారతమ్యం. కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్షకు, గణాంక సంస్థకు దరఖాస్తుల గడువు ఇంటర్మీడియట్ ఫలితాలు రాకమునుపే ముగిసిపోతుంది. డబ్బు పెట్టి కొనే సీటు మాత్రం ఫలితాలు వచ్చిన తరువాత కూడ, వానలు పడిన తరువాత కూడ తలుపు తెరచుకొని ఉంటుంది. మేల్కొనేసరికి మిగిలి ఉన్న తలుపు అదొక్కటే గనుక దానిలోనే ప్రవేశిస్తున్నారు. ఇది తెలివితక్కువతనం కాదు, సమాచారం లేకపోవడం. అందులోను ఇంట్లో మొదటి తరం విద్యార్థికి చెప్పేవారు లేరు. ఉర్దూ మాత్రమే చదువగల తల్లిదండ్రులకు ఇంగ్లీషులో వెలువడే ప్రకటన కంటికి ఆనదు.

మా అభిప్రాయానికి రెండు ఆక్షేపణలు రాగలవు. ఉచితంగా లభించే చదువులో నాణ్యం ఉండదన్నది మొదటిది. కొన్ని ప్రభుత్వ కళాశాలలలో అధ్యాపకుల కొరత, ప్రయోగశాలల లేమి ఉన్నమాట కాదనలేము. కాని ఎక్కువ రుసుము ఎక్కువ నాణ్యానికి గుర్తు కాదు. దేశంలో విద్యార్థులు అత్యధికంగా పోటీపడే ఐ.ఐ.టి.లు, ఎయిమ్స్, కేంద్ర విశ్వవిద్యాలయాలు ప్రభుత్వానివే కదా! రెండవ ఆక్షేపణ, చదువుకు చేసిన అప్పు పెట్టుబడి వంటిదని. మంచి సంస్థలో, ఉద్యోగావకాశం బాగుగా ఉన్న కోర్సులో సీటు వచ్చి, కొద్దిపాటి బ్యాంకు రుణంతో అది నిలబడేటట్లయితే మేము వద్దనము. కాని పెట్టుబడి పెట్టేవాడు ముందు లాభనష్టాలు విచారిస్తాడు. గత సంవత్సరం ఆ కళాశాల నుంచి ఎందరు ఉత్తీర్ణులైనారో, ఎందరికి ఏ జీతంతో పని దొరికినదో అడగకుండ చేసిన అప్పును పెట్టుబడి అనడానికి మాకు నోరు రాదు. దానిని పందెం అనడమే న్యాయం.

ఇక కళాశాల కమిటీ పెద్దలకు మా సవినయ విన్నపాలు మూడు.

మొదటిది, ప్రతి విద్యాసంవత్సరపు ఆరంభంలో ఒక ప్రవేశాల పంచాంగాన్ని ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోను అచ్చువేసి నోటీసు బోర్డుపై అతికించాలి. ఏ పరీక్షకు ఏ నెలలో దరఖాస్తు, రుసుమెంత, ఏ పత్రాలు కావాలి, ఎవరు అర్హులు అన్న నాలుగు వరుసలుంటే చాలును. ఇద్దరు అధ్యాపకులు, నలుగురు తుది సంవత్సరపు విద్యార్థులు వారానికి ఒక మధ్యాహ్నం కూర్చుంటే ఈ పని సాగుతుంది. ఆ విద్యార్థులుగా పనిచేయడానికి మేము సిద్ధము.

రెండవది, పత్రాల శుద్ధి. మన విద్యార్థుల పేరు పదవ తరగతి మెమోలో ఒక తీరుగా, ఆధారులో మరొక తీరుగా, బ్యాంకు పుస్తకంలో ఇంకొక తీరుగా ఉండటం సర్వసాధారణం. ఒకచోట ‘మొహమ్మద్’, మరొకచోట ‘ఎండీ’. ఒకచోట ‘బేగం’, మరొకచోట ఆ మాటే ఉండదు. ఈ ఒక్క అక్షరభేదం వల్ల వజీఫా దరఖాస్తు చిక్కుల్లో పడుతుంది. మొదటి సంవత్సరంలోనే ప్రతి విద్యార్థి పత్రాలను సరిపోల్చి, తేడా ఉన్నచోట దిద్దించుకొనమని చెప్పే ఏర్పాటు కావాలి. ఆదాయ, కుల ధ్రువపత్రాలను కూడ గడువు ముంచుకొనిరాక ముందే తెచ్చుకొనేటట్లు చూడాలి.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఒక చిన్న నిధి. ఉచిత విద్య అంటే ఖర్చు లేని విద్య కాదు. దరఖాస్తు రుసుము, పరీక్షా కేంద్రానికి రైలు చార్జీ, హాస్టలు ధరావతు, మొదటి నెల భోజనం: ఇవన్నీ కలిపి అయిదువేలో పదివేలో అవుతవి. ఆ చిన్న సొమ్ము వేళకు దొరకక, ఉచితపు సీటు చేజారి, ఆపైన లక్షల అప్పు మీద పడుతున్నది. కమిటీ సభ్యులు, పూర్వవిద్యార్థులు, ఊరి దాతలు కలిసి నూరు మంది తలా వెయ్యి రూపాయలిస్తే లక్ష అవుతుంది. దానితో ఒక్కొక్కరికి 5,000 చొప్పున ఇరవై మందిని ఆదుకొనవచ్చును. ఇది దానం కానక్కరలేదు; ఖర్జె హసన, అనగా వడ్డీ లేని చేబదులు, అయితే చాలును. తీసుకొన్నవారు సంపాదన ఆరంభమైన తరువాత నెమ్మదిగా తిరిగి చెల్లిస్తే అదే సొమ్ము తరువాతి ఏడాది మరి ఇరవై మందికి ఉపయోగపడుతుంది. చేయి చాచడానికి మనసొప్పని విద్యార్థికి గ్రంథాలయంలోనో కార్యాలయంలోనో రోజుకు రెండు గంటల పని ఇచ్చి జీతంగా ఇవ్వవచ్చును. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని బెరియా కళాశాల తన విద్యార్థుల వద్ద బోధన రుసుము తీసుకొనదు. ప్రతి విద్యార్థి చేత కళాశాలలో ఏదో ఒక పని చేయిస్తుంది. అంత పెద్ద ఏర్పాటు మనకు సాధ్యం కాకపోవచ్చును. రెండు గంటల పని సాధ్యమే.

విద్యార్థి మిత్రులారా! కమిటీ వారు ఎంత చేసినా మన వంతు మనకు మిగిలే ఉంటుంది. ఏ కళాశాల దరఖాస్తుపైనైనా సంతకం చేయక ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ సీటు కన్వీనరు కోటాదా, యాజమాన్య కోటాదా? మొత్తం నాలుగేళ్లకు, హాస్టలు, పరీక్షలు, ఇతర రుసుములతో సహా, ఎంత అవుతుంది? ప్రభుత్వం అందులో ఎంత చెల్లిస్తుంది, అది ఆలస్యమైతే ఎవరు కట్టాలి? ఇదే చదువు ఇంతకన్న తక్కువ రుసుముతో ఏ ప్రభుత్వ సంస్థలో ఉన్నది? ఈ నాలుగింటికి జవాబులు కాగితం మీద రాసికొని, ఇంట్లో అమ్మకు, నాన్నకు చదివి వినిపించండి. ఆ లెక్క విన్నమీదట వారు తీసుకొనే నిర్ణయం ఏదైనా, అది తెలిసి తీసుకొన్నదవుతుంది.

రాబోయే విద్యాసంవత్సరానికి ఆ పంచాంగం నోటీసు బోర్డుపై కనిపించాలని, ఆ చిన్న నిధి లెక్క ఈ సంచిక తరువాతి సంచికలో అచ్చు కావాలని మా కోరిక. ఇరవై మందిలో పదిమంది అప్పు లేకుండ పట్టా చేతపట్టి బయటికి వచ్చినా ఈ నాలుగు మాటలు రాసినందుకు మాకు ఫలితం దక్కినట్లే.